లంక వంగతోటలో వేరు బుడిపెలు: వేపపిండి, జనుము, బంతితో రెండేళ్లు

2023 జనవరిలో, సంక్రాంతికి నాలుగు రోజుల ముందు, కొల్లిపర మండలం నుంచి ఒక వంగ రైతు ఫోన్ చేశారు. "అమ్మాయ్, తోట మధ్యాహ్నానికి వాడిపోతోంది, సాయంత్రానికి మళ్లీ లేస్తోంది. నీళ్లు పెట్టి రెండు రోజులు కూడా కాలేదు. ఒక్కసారి వచ్చి చూసిపో" అన్నారు. ఆయన్ని నేను బాబాయ్ అంటాను. చుట్టరికం ఏమీ లేదు. తెనాలి చుట్టుపక్కల కూరగాయల రైతులకు సలహాలు చెబుతూ తిరిగే పని నాది. ఏళ్ల తరబడి తిరుగుతుంటే ఇలాంటి వరసలు వాటంతట అవే కుదురుతాయి.

పొలం కృష్ణ కరకట్ట లోపల, లంకలో. సరిగ్గా ఎకరం, కౌలుది. ఇసుక కలిసిన ఒండ్రు నేల, చేత్తో గుంట తీయొచ్చు. అంతకుముందు నాలుగేళ్లు అందులో వేసిన పంటలు అడిగాను. బెండ, వంగ, దోస, టమాటా, మళ్లీ వంగ. అన్నీ నులిపురుగు, అంటే వేళ్లలోకి దూరి బుడిపెలు కట్టించే సన్నటి నేలపురుగు, పట్టే పంటలే. ఆ వరస వినగానే నాకు సగం అర్థమైంది. చెట్టు పీకి చూశాక మిగతా సగం తెలిసింది.

చెట్టు పీకడం అన్నాను కానీ, పీకకూడదు. గట్టిగా లాగితే సన్నవేళ్లు మట్టిలోనే తెగిపోతాయి, చూడాల్సింది వాటినే. చుట్టూ పారతో జానెడు లోతు తవ్వి, మట్టిగడ్డతో సహా లేపి, బకెట్ నీళ్లలో పది నిమిషాలు ఉంచి నెమ్మదిగా జాడించాం. పిన్ని పక్కనే నిలబడి చూస్తోంది. "ఇదేంటి, అల్లం కొమ్ముల్లా ఉన్నాయి వేళ్లు" అంది. నిజంగా అలాగే ఉన్నాయి. తల్లివేరు నుంచి చివరిదాకా ఉబ్బులే, ఉబ్బు మీద ఉబ్బు. పీచువేళ్లు దాదాపు లేవు. నీళ్లు పీల్చే వేళ్లే లేకపోతే, ఎన్ని నీళ్లు పెట్టినా మధ్యాహ్నం ఎండకి చెట్టు వాడక ఏం చేస్తుంది?

ఒక బుడిపెను బ్లేడుతో నిలువుగా కోసి భూతద్దం కింద పెట్టాను. లోపల గుండుసూది తలంత, ముత్యంలా తెల్లగా మెరిసే చుక్కలు. అవే ఆడ నులిపురుగులు. బుడిపె మీద గోధుమరంగు జిగురు చుక్కలు అంటుకుని ఉన్నాయి, అవి గుడ్ల ముద్దలు. ఒక్కో ముద్దలో కొన్ని వందల గుడ్లుంటాయి. మన వేడికి గుడ్డు నుంచి మళ్లీ గుడ్డు పెట్టే దశకు నెల చాలు. ఆరు నెలలు నిలబడే వంగతోటలో ఐదు తరాలు తిరిగిపోతాయి. మట్టి గుల్లగా ఉంటే పిల్ల పురుగులు ఒక వేరు నుంచి ఇంకో వేరుకు సులువుగా పాకుతాయి. అందుకే లంకల్లో, ఇసుక చెక్కల్లో ఈ బెడద ఎక్కువ. బరువైన నల్లరేగడిలో అంత తేలిగ్గా కదల్లేవు.

నేను వెళ్లేసరికే బాబాయ్ చాలా ఖర్చు పెట్టేశారు. ఆకులు పాలిపోతే సూక్ష్మపోషకాలు రెండుసార్లు కొట్టారు. వాడుతోందంటే ఎండు తెగులేమోనని రాగి మందు మొదళ్లలో పోశారు. ఎవరో చెప్పారని పురుగుమందు గుళికలు కూడా చల్లారు. అప్పటికే నాలుగైదు రోజులకోసారి కాయ కోసి తెనాలి మార్కెట్‌కి పంపుతున్నారు. కోత మీదున్న తోటలో గుళికలు వేయడం నాకు చాలా బాధనిపించింది, ఆ మాట ఆయనతోనే అన్నాను. ఆ కాయ ఎవరో ఒకరి పిల్లల కంచంలోకి వెళ్తుంది. ఫోరేట్ అనే పురుగుమందు గుళికల వాడకాన్ని కేంద్రం 2020 డిసెంబరు 31తో ఆపేసింది. అయినా "ఆ పాత గుళికలు దొరుకుతాయా" అని అడిగే రైతులు నాకు ఇప్పటికీ తగులుతూనే ఉంటారు. వాళ్లని తప్పుపట్టలేను. నేలలో ఉన్న పురుగు కంటికి కనపడదు, పెట్టుబడి మాత్రం కళ్ల ముందే ఎండిపోతుంటుంది.

నేను చేసిన తప్పు

ఆ రోజు నేనూ ఒక తప్పు చేశాను. పది కిలోల వేపపిండి (వేపగింజల నూనె తీశాక మిగిలే పిప్పి) వంద లీటర్ల డ్రమ్ములో రెండు రోజులు నానబెట్టి, వడకట్టి, మొదలుకు పావు లీటరు చొప్పున పోయమన్నాను. ఏదో ఒకటి చెప్పి రావాలన్న తొందర అది. పదిహేను రోజులకు బాబాయ్ సంతోషంగా ఫోన్ చేశారు, ఆకు పచ్చబడిందని. నేనూ నమ్మాను. నెలకు వెళ్లి తవ్వి చూస్తే పాత బుడిపెలు అలాగే ఉన్నాయి, వాటి పక్కన కొత్తవి వచ్చాయి.

జరిగింది ఇది. వేపపిండిలో నాలుగైదు శాతం నత్రజని ఉంటుంది. ఆకు పచ్చబడింది దానివల్ల, పురుగు చావడంవల్ల కాదు. ఆడపురుగు వేరు కండలో కూర్చుని ఉంది, పైనుంచి పోసిన నీళ్లు దాన్ని తాకవు. వేపలోని చేదు గుణం పనిచేసేది మట్టిలో తిరిగే పిల్ల పురుగు మీద, అదీ వేరులోకి దూరకముందు. లోపలికి చేరిపోయాక ఏ ఆకు కషాయమూ దాన్ని బయటికి లాగలేదు. ఈ పొలం నాకు నేర్పింది ఇదే: నేలపురుగుకి మొక్కల సరుకు వాడాలంటే నాటకముందే వాడాలి. నిలబడ్డ తోటలో పోసేది మన మనసు కుదుటపడటానికే.

మార్చిలో తోట పీకేయమన్నాను. పీకిన మొదళ్లను గట్టు మీద పడేయడం మన దగ్గర అలవాటు, వానకి అక్కడి గుడ్లన్నీ తిరిగి పొలంలోకే దిగుతాయి. వేళ్లతో సహా ఎండబెట్టి తగలబెట్టించాను. ఏప్రిల్, మే నెలల్లో పదిహేను రోజుల తేడాతో రెండుసార్లు లోతుగా దున్నించాం. ఆ ఎండ చేసిన మేలు చిన్నది కాదు.

కౌలు, గేదె, జనుము

అసలు చిక్కు మందుది కాదు, కౌలుది. ఏడాదికేడాది మాట మీద నడిచే కౌలులో, డబ్బు రాని పైరు నేలకోసం వేయమంటే ఏ రైతు వేస్తాడు? జనుము వేసి కలియదున్నితే లాభం వచ్చే ఏడాది కదా, అప్పటికి పొలం ఎవరి చేతిలో ఉంటుందో. బాబాయ్ ఇదే అడిగారు. నేను పొలం యజమాని ఇంటికి వెళ్లి, బుడిపెలు పట్టిన వేరు చూపించి మాట్లాడాను. రెండేళ్లు కదిలించనని ఆయన మాటిచ్చారు. నేను ఆ పొలానికి చేసిన పనుల్లో అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది ఇదేనేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఎకరాన్ని ఇలా చెక్కలుగా పంచాం. నలభై సెంట్లలో జనుము, నలభై సెంట్లలో బంతి. మిగిలిన ఇరవై సెంట్లు వానాకాలమంతా ఖాళీ. అందులో పదిహేను సెంట్లకు నాటేముందు వేపపిండి ఒక్కటే వేయాలి, ఒక మూల ఐదు సెంట్లకు ఏమీ వేయకూడదు. ఆ ఐదు సెంట్లు వదిలేయడానికి బాబాయ్‌కి మనసొప్పలేదు. "తెలిసి తెలిసి పాడుచేసుకుంటామా?" అన్నారు. పోల్చి చూసుకోవడానికి ఏదీ లేకపోతే, వచ్చే ఏడాది మనకే అనుమానం వస్తుందని చెప్పి ఒప్పించాను.

జనుము జూన్ చివర, వాన పడ్డాక, నలభై సెంట్లకు ఎనిమిది కిలోలు చల్లారు. పచ్చిరొట్టకు మన దగ్గర జీలుగ, పిల్లిపెసర కూడా వేస్తారు. నేను జనుమే ఎందుకు అడిగానంటే, నులిపురుగు పిల్ల దాని వేరులోకి దూరినా అక్కడ పెరిగి గుడ్లు పెట్టడం కష్టం. ఎర లాంటి పైరు అన్నమాట.

నెల రోజులకు బాబాయ్ కంగారుగా ఫోన్ చేశారు. "అమ్మాయ్, నీ జనుముకీ బుడిపెలే!" అదే రోజు వెళ్లాను. ఆయన చేతిలోని మొక్క తీసుకుని, ఒక బుడిపె మీద బొటనవేలి గోరు పెట్టి నెట్టాను. టప్పున ఊడి వచ్చింది. గోరుతో చిదిపితే లోపల లేత ఎరుపు. అవి గాలిలో నత్రజనిని పట్టి నేలకిచ్చే బొడిపెలు, పప్పుజాతి పైర్లన్నిటికీ ఉంటాయి. అవి వేరుకి పక్కన అంటుకుని ఉంటాయి, ఊడతాయి. నులిపురుగు బుడిపె అంటే వేరు తానే ఉబ్బడం, ఎంత గీకినా ఊడదు. పిన్ని కూడా నాలుగైదు ఊడదీసి చూసింది. ఈ ఒక్క తేడా తెలియక మంచి పైరు పీకేసినవాళ్లను చూశాను, అందుకే ఇంత చెబుతున్నాను.

తర్వాత గేదె గొడవ. మన గుంటూరు, కృష్ణా పల్లెల్లో జనుమంటే ముందు గుర్తొచ్చేది మేతే. ఎదిగిన జనుము చూసి పిన్ని కొడవలి తీసింది. పూర్తిగా వద్దనలేకపోయాను. పది సెంట్లలో పైసగం కోసుకుని మేపుకునేలా, మిగతాది ముట్టుకోకుండా ఒప్పందం. ఆగస్టు మధ్యలో, పూమొగ్గ దశలో, ట్రాక్టరుతో కలియదున్నారు.

బంతి గురించి ఒక మాట. గట్టు వెంట ఒక వరస బంతి నాటితే నులిపురుగు పోతుందని చాలామంది నమ్ముతారు. గట్టు మీది బంతి వేరు చేలో మధ్యకు ఎలా వస్తుంది? బంతి వేరులో ఆల్ఫా టెర్థీనైల్ అనే పదార్థం ఉంటుంది. అది పనిచేసేది బతికున్న వేరు దగ్గర, వేరు చుట్టూ ఉన్న మట్టిలో. అంటే చేనంతా దగ్గర దగ్గరగా నాటాలి, రెండు మూడు నెలలైనా నిలబడనివ్వాలి. ఈ పనికి చిన్నపూల ఫ్రెంచ్ బంతి మేలంటారు గానీ, దానికి మన దగ్గర గిరాకీ తక్కువ. పెద్ద పూల నారింజ బంతినే జూలై చివర అడుగు దూరంలో నాటించాను. పూలకోసం వేసేవాళ్లు పెట్టే దూరం కంటే ఇది బాగా తక్కువ. పువ్వు సైజు కొంచెం తగ్గింది, కానీ వేళ్లు నేలంతా అల్లుకున్నాయి.

ఇక్కడ దాదాపు దెబ్బతిన్నాం. ఆగస్టు చివర చూస్తే బంతి మొక్కల మధ్య కామంచి, తోటకూర బాగా లేచాయి. ఒక కామంచి మొక్క తవ్వాను. వేళ్లనిండా బుడిపెలు! కామంచి వంగ జాతిదే కదా. బంతి ఒకవైపు పురుగుని తగ్గిస్తుంటే, కలుపు ఇంకోవైపు దాన్ని పెంచి పోషిస్తోంది. ఇద్దరు కూలీలను పెట్టి రెండుసార్లు కలుపు తీయించారు. దసరా రోజుల్లో బెజవాడలో ఇంద్రకీలాద్రి చుట్టూ బంతిపూల గిరాకీ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. వినాయక చవితికి కొంచెం, దసరాకి ఎక్కువ తెగింది. ఆ పూల డబ్బుతోనే వేపపిండి కొన్నారు. ఆ ఏడాది కృష్ణకు పెద్ద వరద రాకపోవడం మా అదృష్టం.

వేపపిండి ఎంత, ఎక్కడ

కొన్న మొదటి పది బస్తాలు వెనక్కి పంపాం. షాపు పేరు చెప్పను. బస్తా విప్పగానే వేప వాసన ముక్కుకి కొట్టాలి, కొట్టలేదు. ఒక గాజు గ్లాసు నీళ్లలో పిడికెడు వేసి కలిపి పది నిమిషాలు ఉంచాం. అడుగున వేలెడు మందం ఇసుక, పైన చింతగింజల పొట్టు తేలింది. నాలుక మీద చిటికెడు వేసుకుంటే చేదు పెద్దగా లేదు. రెండోసారి గానుగ దగ్గరికే వెళ్లి తెచ్చారు. గానుగ పిండిలో కాస్త నూనె మిగిలి ఉంటుంది, ఆ నూనెతోపాటు చేదూ ఉంటుంది. ఎండలో పడేసినా, ఏడాది నిల్వ ఉంచినా ఆ గుణం తగ్గిపోతుంది. కాబట్టి కావలసినప్పుడే తాజాగా కొని నీడలో ఉంచాలి.

ఇక మోతాదు. ఎకరానికి 250 కిలోలు అనుకున్నాం. బాబాయ్ మొత్తం వెదజల్లుదామన్నారు. అక్కడే గట్టు మీద కూర్చుని లెక్క వేశాం. ఎకరంలో పైన 15 సెంటీమీటర్ల మట్టి బరువు సుమారు 850 టన్నులు. అందులో 250 కిలోలు కలిపితే వెయ్యి కిలోల మట్టికి 300 గ్రాములు కూడా రాదు. అది సాంబారులో ఉప్పు వేయడం కాదు, చెరువులో ఉప్పు వేయడం. అదే 75 బై 60 సెంటీమీటర్ల దూరంలో ఎకరానికి దాదాపు తొమ్మిది వేల గుంటలు పడతాయి. గుంటకి 28 గ్రాములు, అంటే చిన్న గుప్పెడు. గుంటలోని మూడు కిలోల మట్టిలో అది కలిస్తే దాదాపు ఒక శాతం. పిండి అదే, ఖర్చు అదే, మొక్క వేరు దగ్గర మాత్రం ముప్పై రెట్లు బలం. కూలి ఎక్కువవుతుంది, నిజమే. అయినా ఈ లెక్క చూశాక బాబాయ్ మళ్లీ వెదజల్లుదాం అనలేదు.

అక్టోబరు చివర గుంటలు తీసి, పిండి వేసి, జానెడు లోతు కలిపి ఒక తడి ఇచ్చాం. నాటింది పద్దెనిమిది రోజుల తర్వాత. ఈ గడువు తప్పనిసరి. పచ్చి పిండి మట్టిలో మురిగేటప్పుడు వేడి, అమ్మోనియా పుడతాయి, లేత వేరు తట్టుకోలేదు. ఇది మాటల్లో చెప్పింది చాలలేదు. చౌకగా వచ్చిందని ఎవరో తెచ్చిచ్చిన ఆముదం పిండిని బాబాయ్ రెండు సాళ్లలో నాటే ముందురోజు వేశారు. వారం తిరక్కుండా ఆ సాళ్లలో నారు మెడ దగ్గర గోధుమరంగు తిరిగి వాలిపోయింది. గుంట తెరిస్తే ఘాటు వాసన. ఆముదం పిండి చెడ్డది కాదు, మూడు వారాల ముందు వేస్తే అదీ పనిచేస్తుంది. కానీ అది పశువులకి, కుక్కలకి విషం. గేదెలున్న ఇంట్లో ఆ బస్తా ఎక్కడ పెడుతున్నామో చూసుకోవాలి.

నారు విషయంలో నేను గట్టిగా పట్టుబట్టాను. అంతకుముందు ఏటా అదే పొలం మూలన నారుమడి పోసేవారు. అంటే మొక్క పుట్టిన రోజు నుంచే వేరులో పురుగు ఉండేది. ఈసారి కొబ్బరిపొట్టు పోసిన ట్రేల్లో పెంచిన నారు తెప్పించాం.

నాటేముందు ఇంకో చిన్న పరీక్ష చేశాం. ల్యాబ్ అక్కర్లేనిది. పెరుగు డబ్బాలకు అడుగున చిల్లులు పెట్టి, ఒక్కో చెక్క నుంచి ఆరు చోట్ల వేళ్లున్న లోతు మట్టి తీసి నింపి, రెండేసి దోస గింజలు పెట్టాం. ముప్పై రోజులకు కడిగి చూస్తే, మట్టిలో పురుగు ఉందో లేదో దోస వేరు చెబుతుంది. ఖాళీగా ఉంచిన చెక్క డబ్బాలు ఆరింటిలోనూ బుడిపెలు. జనుము చెక్క డబ్బాల్లో మూడింటికి. బంతి చెక్క డబ్బాల్లో ఒకదానికి.

ఫలితం

2024 ఫిబ్రవరి చివర, తోటకు వంద రోజులు దాటాక, చెక్కకి పది మొక్కలు తవ్వి చూశాం. ఏమీ వేయని ఐదు సెంట్లలో పదికి పది, ఏడాది క్రితం చూసిన అల్లం కొమ్ములే. జనుము తర్వాత వేపపిండి వేసిన చోట ఆరు మొక్కలకు చిన్న చిన్న బుడిపెలు, పీచువేరు బాగుంది. బంతి తర్వాత వేపపిండి వేసిన చోట మూడు మొక్కలకే ఉన్నాయి. వేపపిండి ఒక్కటే వేసిన చెక్క నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. అక్కడ మొదలు చుట్టూ జానెడు మేర వేరు శుభ్రంగా ఉంది, గుంట దాటిన వేళ్లకి బుడిపెలు కట్టాయి. పిండి ఎంతవరకు కలిసిందో వేరు మీద గీత గీసినట్టు కనిపించింది. మొక్క చిన్నగా ఉన్నప్పుడు కాపాడటం వరకే వేపపిండి పని, మిగతా నేలను శుభ్రం చేయాల్సింది ముందు వేసిన పైరే.

ఐదు సెంట్లలో కోత పదకొండోదానితో ఫిబ్రవరి రెండో వారంలోనే ఆగిపోయింది. మిగతా తోట ఏప్రిల్ మొదటి వారం దాకా కాసింది. ఒక సంగతి మాత్రం దాచకూడదు. మొవ్వ, కాయ తొలిచే పురుగు అన్ని చెక్కల్లో ఒకేలా ఉంది. వేరు బాగైతే పైన పురుగు పట్టదని ఎవరైనా అంటే నమ్మొద్దు, దానికి లింగాకర్షక బుట్టలు (మగ పురుగుల్ని వాసనతో రప్పించి పట్టేవి), కొనలు తుంచడం వేరేగా చేయాల్సిందే.

2024లో ఎకరమంతా సర్దుకుంటామనుకున్నాం. జూలైలో అరవై సెంట్లకు బంతి వేశారు, దసరాకి అందేలా. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద నమోదైంది. లంకలన్నీ మునిగాయి. మొగ్గ మీదున్న బంతి మొత్తం పోయింది. నీళ్లు తీశాక వెళ్తే పొలంలో పడమటి వైపు చీలమండ లోతు కొత్త మేట, అందులో ఎవరెవరి తోటలవో వంగ మోళ్లు, అరటి పిలకలు. బాబాయ్ గట్టు మీద కూర్చుని ఉన్నారు. నేనూ పక్కన కూర్చున్నాను. చాలాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

నవంబరులో మళ్లీ వెళ్లాను. మట్టి పరీక్ష పెట్టమని చెబుదామనే వెళ్లాను. వసారాలో గోడ వెంట పెరుగు డబ్బాలు వరసగా ఉన్నాయి. మేట పడ్డ వైపువి ఆరు, తూర్పు వైపువి ఆరు, మీద సుద్దతో గుర్తులు. దోస మొక్కలు నాలుగాకుల మీదున్నాయి. "నువ్వొచ్చేసరికి ముప్పై రోజులవుతుందని లెక్క చూసి పెట్టాను" అన్నారు బాబాయ్. పిన్ని బకెట్ నీళ్లు తెచ్చింది. తూర్పు డబ్బాల్లో ఒకదానికే రెండు బుడిపెలున్నాయి. మేట డబ్బాల్లో నాలుగింటికి. పిన్ని ఒక వేరు తీసుకుని బొటనవేలి గోరుతో నెట్టి చూసింది, ఇంకోసారి నెట్టింది.

"ఊడట్లేదు" అంది. "ఆ పక్క ఈ ఏడు వంగ వద్దు. నువ్వులు చల్లుదాం."